గుత్తి పేరు, నల్లమల ఊరు: ఒక సాలీళ్ళ వంశానికి పేర్లు ఎలా పడ్డాయి?

ప్రొద్దుటూరులో మగ్గాల వీధిలో పెరిగిన ఒక పదో తరగతి అమ్మాయి అడిగింది: "సార్, నేస్తుంది కాబట్టి సాలెపురుగు అన్నారు. మరి గూడు నేయని దాన్ని కూడా సాలెపురుగు అనే ఎందుకు అనాల?" అదే వారం జమ్మలమడుగు నుంచి ఇంటర్ చదివే పిల్లవాడు నాకు ఫోనులో ఒక బొమ్మ పంపినాడు. నెమలి మెడ రంగులో మెరిసే, అరచేయంత సాలీడు. కింద రాసినాడు: "గుత్తి టరాంటులా అంట సార్. గుత్తి మనకు దగ్గరే కదా. మా గండికోట తావ కూడా ఉంటాదా?" మూడో ప్రశ్న పులివెందుల దగ్గర చీనీ తోట ఉన్న రైతుది. ఆయన అడిగింది ఒక్కటే: "అది కరిస్తే మనిషి బతుకుతాడా?"

ముగ్గురూ ఒకే జీవి గురించి అడిగారు. దాని శాస్త్రీయ నామం పోసిలోథీరియా మెటాలికా. దాని కథ చెప్పాలంటే శ్రీలంక దీవి నుంచి నల్లమల దాకా ఉన్న దాని బంధువులందరినీ పలకరించాలి. వాటిని ఎవరు విడగొట్టారు, ఏ గుర్తు చూసి విడగొట్టారు, ఎక్కడ పొరపడ్డారు అన్నదే నేను చెప్పబోయేది. కాస్త ఓపికతో చదవండి.

నేయని దాన్ని సాలెపురుగు అని ఎందుకు అంటాము?

అమ్మా, మన భాష ఆ జీవికి పనిని చూసి పేరు పెట్టింది. జీవశాస్త్రం పుట్టుకను చూసి పెడుతుంది. మగ్గం వదిలి ప్రొద్దుటూరు బంగారు అంగట్లో గుమాస్తాగా చేరినవాడు కూడా తన తాతకు మనవడే కదా. ఈ సాలీడూ అంతే. గాలిలో వల కట్టదు, పట్టు దారం మాత్రం తీస్తుంది. చెట్టు తొర్రలో తానుండే చోట ఆ దారంతో లోపలి గోడకు పరుపు వేస్తుంది, గుడ్లను సంచిలా చుడుతుంది. ఎనిమిది కాళ్ళు, రెండు భాగాల ఒళ్ళు, వెనక దారం తీసే అవయవాలు, అన్నీ ఉన్నాయి. అందుకే అది సాలీడే.

అయితే మన ఇంటి మూలల్లో కనిపించే సాలీళ్ళకూ దీనికీ మధ్య చాలా పాత చీలిక ఉంది. ఇంటి సాలీడు కోరలు పటకారు లాగా రెండు పక్కల నుంచి వచ్చి మధ్యలో కలుస్తాయి. టరాంటులా కోరలు రెండు గడ్డపారలు పక్కపక్కన దిగినట్టు పైనుంచి కిందికి దిగుతాయి. ఇంకొక తేడా ఊపిరిది. పుస్తకం పుటల్లా పొరలు పొరలుగా ఉండే శ్వాసకోశాలు టరాంటులాలకు రెండు జతలు ఉంటాయి. ఇంటి సాలీళ్ళలో చాలావాటికి ఒక్క జతే. పొట్ట అడుగున చూస్తే ఆ తేడా కంటికి కనపడుతుంది. పరిమాణం, వెంట్రుకలు, భయంకరమైన రూపం చూసి టరాంటులా అనడం మన అలవాటు. వర్గీకరణ చేసేవాళ్ళు మాత్రం కోర ఏ దిక్కుకు కదులుతుందో చూస్తారు. ఇలా కోరలు పైనుంచి కిందికి దించే పెద్ద గుంపులో థెరఫోసిడే అనే కుటుంబం ఉంది. లోకంలోని అసలైన టరాంటులాలన్నీ అందులోవే.

ప్రజాతి అంటే ఏమిటి? ఆ పేరు ఎవరు పెట్టారు?

ఇది తెలుగువాళ్ళకు చెప్పడం చాలా సులువు. మనం ఇంటిపేరు ముందు రాసి, పేరు తర్వాత రాస్తాము. జీవశాస్త్రంలోనూ ఇదే వరస. పోసిలోథీరియా అనేది ఇంటిపేరు, అదే ప్రజాతి. మెటాలికా అనేది సొంత పేరు, అదే జాతి. ఒకే ఇంటిపేరు ఉన్నవి దగ్గరి చుట్టాలు.

గ్రీకులో పొయికిలోస్ అంటే రంగురంగులది, థీరియోన్ అంటే మృగం. చిత్రవర్ణాల మృగం అన్నమాట. ఆ ఇంటిపేరు 1885లో ఫ్రెంచి శాస్త్రవేత్త యూజేన్ సిమోన్ పెట్టాడు. ఆ ఇంట్లో పెద్దది మాత్రం అంతకు ముందే పేరు పొందింది. 1804లో లాట్రెయ్ అనే మరో ఫ్రెంచి శాస్త్రవేత్త సింహళం సాలీడు ఒకదానికి ఫాసియాటా అని పేరు పెట్టాడు. అప్పటికి ఈ ప్రజాతి లేదు కాబట్టి దాన్ని మైగేల్ అనే మరో ఇంట్లో చేర్చాడు. తర్వాత అది పోసిలోథీరియా ఇంటికి వచ్చింది. అందుకే జాబితాల్లో దాని పేరు తర్వాత (లాట్రెయ్, 1804) అని కుండలీకరణాల్లో రాస్తారు. మెటాలికా పక్కన మాత్రం పొకాక్, 1899 అని కుండలీకరణాలు లేకుండానే ఉంటుంది. కుండలీకరణాలు ఉంటే "పుట్టినప్పటి ఇంటిపేరు వేరు, ఇప్పటిది వేరు" అని అర్థం. ఇంత చిన్న గుర్తులో ఇంత సమాచారం దాచిన పద్ధతిని నేను చాలా గౌరవిస్తాను.

ఒక మాట పక్కకు వెళ్ళి చెబుతాను. జంతువులన్నిటి పేర్లకూ లెక్క 1758 నాటి లిన్నేయస్ గ్రంథంతో మొదలవుతుంది. సాలీళ్ళకు మాత్రం మినహాయింపు ఉంది. స్వీడన్‌కు చెందిన క్లెర్క్ 1757లో సాలీళ్ళ మీద రాసిన పుస్తకంలోని పేర్లకు లిన్నేయస్ పేర్ల కంటే ముందు స్థానం ఇచ్చారు. జంతులోకంలో ఈ గౌరవం సాలీళ్ళకే దక్కింది.

మనకు ముఖ్యమైన మనిషి రెజినాల్డ్ ఇన్నెస్ పొకాక్. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేశాడు. 1895లో ఈ ప్రజాతిలో మూడు జాతులకు, 1899లో ఒకే వ్యాసంలో మరో ఆరింటికి పేర్లు పెట్టాడు. ఈ రోజు అంగీకరిస్తున్న జాతులు సుమారు పదిహేను. అందులో సగానికి పైగా ఆయన పేరు పెట్టినవే. ఆ ఆరింటిలో ఒకటి రెగాలిస్. దాని నమూనా అరక్కోణం నుంచి వెళ్ళింది. మరొకటి గుత్తి నుంచి వెళ్ళిన నీలి ఆడ సాలీడు, మెటాలికా.

ఒక జాతికి గీటురాయి ఉంటుందా?

ఉంటుంది. ప్రొద్దుటూరులో బంగారం అంగడికి వెళ్ళినవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. నగను రాయి మీద గీసి, తెలిసిన మచ్చుతో పోల్చి చూస్తారు. కొత్త జాతికి పేరు పెట్టినప్పుడు ఒక్క ప్రాణిని ఎంచి, దాన్ని మ్యూజియంలో భద్రపరుస్తారు. అదే ఆ పేరుకు మూల నమూనా. వందేళ్ళ తర్వాత ఎవరైనా "నాకు దొరికింది మెటాలికానే" అంటే, చివరికి ఆ మూల నమూనాతో పోల్చి తేల్చుకోవలసిందే. వర్ణన ఎంత బాగా రాసినా మాటలు జారిపోతాయి, నమూనా జారదు.

ఆ నమూనాతో పాటు ఒక చీటీ ఉంటుంది. ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది అని. చూడడానికి చిన్న కాగితం ముక్క. మన గుత్తి సాలీడు కష్టమంతా ఆ కాగితం ముక్కతోనే వచ్చింది. దానికి తర్వాత వస్తాను.

చూడ్డానికి ఒకేలా ఉన్నవాటిని ఎలా విడదీస్తారు?

ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు, నేనే వేసుకుంటున్నాను. అసలు పని ఇక్కడే ఉంది.

పోసిలోథీరియాను వెన్ను మీద చూస్తే చాలావరకు బూడిద, గోధుమ, తెలుపు కలిసిన ఆకు ఆకారపు చిత్తరువు కనిపిస్తుంది. పాత చెట్టు బెరడు మీద పాచి పట్టినట్టు ఉంటుంది. పగలు బెరడుకు అతుక్కుని పడుకుంటే పక్కన నిలబడినా కనిపెట్టలేము. ఒళ్ళు కూడా చదునుగా ఉంటుంది, సన్నని చీలికలోకి దూరిపోవడానికి. మెటాలికా నీలం ఈ ఇంట్లో అరుదైన సంగతి. మిగతా జాతులు పైనుంచి చూస్తే ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి.

దాన్ని బెదిరిస్తే ముందు కాళ్ళు పైకెత్తుతుంది. అప్పుడు అంతవరకూ దాచిన కాళ్ళ అడుగుభాగం బయటపడుతుంది. చాలా జాతుల్లో అక్కడ మెరిసే పసుపు, నలుపు, తెలుపు పట్టీలు ఉంటాయి. శత్రువు బెదరడానికి వేసుకున్న ఆ పట్టీలే వర్గీకరణ చేసేవాళ్ళకు చదువుకునే అక్షరాలు. మొదటి జత కాళ్ళు, నాలుగో జత కాళ్ళు, వీటి అడుగున ఏ కణుపు మీద ఏ రంగు, పట్టీ ఎంత వెడల్పు, ఎక్కడ తెగింది అని చూస్తారు. నేతలో చీర ఏ ఊరిదో అంచు చూసి చెప్పేవాళ్ళు మన వైపు ఉన్నారు. ఇదీ దాదాపు అలాంటి కన్నే.

శ్రీలంక ఉత్తర భాగంలో 2012లో బయటపడిన రజాయీ అనే జాతి దీనికి మంచి ఉదాహరణ. 2009లో ఒక గ్రామంలో జనం చంపిన మగ సాలీడును రనిల్ నానాయక్కార అనే పరిశోధకుడికి ఇచ్చారు. కాళ్ళ అడుగున పసుపు గుర్తులు, పొట్ట చుట్టూ గులాబి రంగు పట్టీ తెలిసిన ఏ జాతికీ సరిపోలేదు. ఆయన బృందం అంతర్యుద్ధం ముగిసిన ఆ ప్రాంతంలో తొర్రలు, బెరళ్ళు వెతికింది. మాంకుళం ఆసుపత్రిలో వైద్యుడి పాతబడిన ఇంట్లో కూడా వాళ్ళకు ఆ సాలీడు కనిపించింది. అడవి తరిగితే తొర్రలో ఉండేది పాత ఇంటికి వస్తుంది. ఆ ప్రమాదకరమైన ప్రాంతంలో తమకు దారి చూపిన పోలీసు అధికారి మైఖేల్ రాజకుమార్ పురజా పేరు మీద జాతికి రజాయీ అని పెట్టారు.

రంగుల మీదే ఆధారపడితే మోసపోతాము. కుబుసం విడిచే ముందు రంగు మాసిపోతుంది, విడిచిన తర్వాత మెరుస్తుంది. పిల్లకూ పెద్దకూ తేడా ఉంటుంది, మగదానికీ ఆడదానికీ తేడా ఉంటుంది. ఆల్కహాలులో ఏళ్ళ తరబడి ఉంచిన నమూనా రంగు దిగిపోతుంది. అందుకని రంగుతో పాటు మగదాని నోటి పక్క ఉండే చిన్న చేతుల చివరన ఉన్న బుడిపె ఆకారం చూస్తారు, ఆడదాని లోపల వీర్యాన్ని దాచుకునే సంచుల ఆకారం చూస్తారు. ఈ రోజుల్లో డిఎన్ఏ చదివి, మైటోకాండ్రియాలోని ఒక జన్యువును పోల్చి చూస్తారు. ఈ మూడూ ఒకే మాట చెబితే ధైర్యంగా పేరు పెట్టవచ్చు. మూడు దారులూ వేర్వేరు వైపులకు పోతే ఆగి ఆలోచించాలి. తొందరపడి పేరు పెట్టడం కంటే పదేళ్ళు ఆగడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

గుత్తి పేరున్నది గుత్తిలో ఎందుకు లేదు?

జమ్మలమడుగు అబ్బాయీ, ఇది నీ ప్రశ్న. నీ తప్పేమీ లేదు. శాస్త్రవేత్తలే వందేళ్ళు ఆ పేరు నమ్మి వెతికారు.

1899లో పొకాక్ ముందున్న నమూనా చీటీ మీద గుత్తి అని ఉంది. గుత్తి చుట్టూ ఏముంది? కోట ఉన్న రాతి గుట్ట, ఎండిన నేల, ముళ్ళ పొదలు. చెట్టు తొర్రలో బతికే జీవికి అక్కడ చోటే లేదు. తర్వాత ఎవరు వెతికినా దొరకలేదు. ఒకే ఒక్క ఆడ సాలీడు, లండన్‌లో ఆల్కహాలు సీసాలో. అంతే. లోకానికి ఆ జాతి గురించి తెలిసింది అదొక్కటే.

2001లో అది మళ్ళీ దొరికింది. 102 సంవత్సరాల తర్వాత. దొరికిన చోటు గుత్తి కాదు, అక్కడికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య నల్లమల అడవి. ఎండాకాలంలో ఆకు రాల్చే అడవి. పెద్ద చెట్ల తొర్రల్లో అది కాపురం ఉంటోంది.

మరి గుత్తికి ఎలా వచ్చింది? పందొమ్మిదో శతాబ్దం చివరికల్లా నల్లమల మీదుగా రైలు దారి పడింది. గుత్తి అప్పటికే మద్రాసు, బొంబాయి రైలు మార్గంలో పెద్ద చోటు. నీకు బాగా తెలిసిన ముద్దనూరు, ఎర్రగుంట్ల కూడా ఆ దారిలోవే. అడవి కలప రైల్లో ఊళ్ళకు పోయేది. నల్లమల దుంగ తొర్రలో నిద్రపోతున్న సాలీడు, దుంగతో పాటు రైలెక్కి గుత్తిలో దిగి ఉంటుందని శాస్త్రవేత్తల ఊహ. పట్టిన చోటు గుత్తి. చీటీ రాసినవాడు అబద్ధం రాయలేదు. కానీ పట్టుకున్న చోటుకూ పుట్టిన చోటుకూ మధ్య ఒక రైలు ఉంది.

దీన్ని తప్పిపోయి ఒక గుడి దగ్గర దొరికిన పిల్లవాడి కథలాగా ఊహించు. అక్కడ దొరికాడు కాబట్టి వాడి ఊరు అదే అని రాసుకుంటే, వాడి అమ్మానాన్నల కోసం జన్మంతా ఆ చోటే వెతుకుతారు. గుత్తి అన్న మాట మెటాలికాకు అంత పని చేసింది.

మన కడప జిల్లాలోనే ఇలాంటి కథ ఇంకొకటి ఉంది. కలివి కోడి. 1848లో బ్లైత్ దానికి శాస్త్రీయంగా పేరు పెట్టాడు. 1900లో అనంతపురం దగ్గర చూశారు, ఆ తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె ప్రాంతంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ అన్వేషణలో అది మళ్ళీ వెలుగు చూసింది. అది దొరకడానికి ముఖ్య కారణం ఆ పొదల్లో తిరిగే ఐతన్న అనే స్థానిక వేటగాడు. శాస్త్రం పోయిందనుకున్న పక్షి పేరు కూడా ఆ చుట్టుపక్కల మనుషులకు తెలుసు. నల్లమల చెంచులకు, కట్టెల కోసం అడవికి పోయేవాళ్ళకు సాలీళ్ళ గురించి ఏమి తెలుసో ఇంతవరకూ ఎవరూ పూర్తిగా అడగలేదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

గండికోట సంగతికి వస్తే, పెన్న లోయలో ఎర్ర రాతి గోడలు, పొదలు ఉన్నాయి. పాత తొర్రలున్న పెద్ద చెట్ల అడవి అక్కడ లేదు. అది మెటాలికా ఉండే చోటులా లేదు. అదే పేరుతో ఎవరైనా పాత బొమ్మను "మా ఊర్లో తీసినాను" అని పంపితే నమ్మకు, ఎక్కడ, ఎప్పుడు అని అడుగు.

దీవి సాలీళ్ళకూ మనకూ సంబంధం ఏమిటి?

పోసిలోథీరియా జాతులన్నీ భారతదేశంలోనూ శ్రీలంకలోనూ మాత్రమే ఉన్నాయి. లోకంలో మరెక్కడా లేవు. ఇందులో దాదాపు సగం శ్రీలంకవి. ఒక చిన్న దీవిలో ఇన్ని ఎందుకు?

మొదటి కారణం చోటు. శ్రీలంకలో నైరుతి వానకు తడిసే అడవి వేరు, మధ్యలో చల్లని కొండ ప్రాంతం వేరు, ఉత్తరాన ఎండిన అడవి వేరు. తడి అడవిలో ఆర్నాటా, కొండల్లో సబ్‌ఫుస్కా, ఎండు అడవిలో ఫాసియాటా. ఏ చోటుకు తగ్గట్టు ఆ జాతి. రెండో కారణం నడక. చిన్న సాలీళ్ళు చాలావరకు దారం వదిలి గాలిలో తేలిపోయి సముద్రాలు కూడా దాటుతాయి. టరాంటులాల్లో చాలావాటికి ఆ విద్య లేదు. పిల్లలు తల్లి తొర్ర దగ్గరే కొంతకాలం ఉండి, పక్క చెట్టుకు నడిచి పోతాయి. నడిచేవాళ్ళ లోకం చిన్నది. అందుకే వాటి మధ్య ఒక లోయ, ఒక నది వచ్చినా కాపురాలు వేరైపోతాయి. వేరైన కాపురాలు లక్షల ఏళ్ళు గడిస్తే వేరు జాతులవుతాయి.

ఇక్కడ మన ఊహకు ఒక చిక్కు ఉంది. దీవి అంటే చుట్టూ నీళ్ళే కదా, ఆ నీళ్ళే విడదీసి ఉంటాయి అనుకుంటాము. కానీ పాక్ జలసంధి లోతు తక్కువ. మంచు యుగాల్లో సముద్రం నీరు ధ్రువాల మంచులో చేరిపోయి, మట్టం సుమారు 120 మీటర్ల దాకా దిగింది. అప్పుడు రామేశ్వరం నుంచి మన్నారు దాకా నేల బయటపడింది. మళ్ళీ మళ్ళీ దారి తెరుచుకుంది. అయినా జీవులు అటూ ఇటూ కలిసిపోలేదు. 2004లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం కప్పలు, పీతలు, మంచినీటి చేపల వంటివాటిని పరిశీలించి శ్రీలంకలో చాలావాటికి సొంత వంశాలు ఉన్నాయని చెప్పింది. దారి ఉండటం వేరు, నడవగలగడం వేరు. మధ్యలో ఎండిన నేల ఉంటే తడి అడవి జీవికి అదీ సముద్రమే.

ఎండు నేల జీవి మాత్రం దాటగలదు. దీనికి నిదర్శనం హనుమవిలాసుమికా. 2004లో ఆండ్రూ స్మిత్ రామేశ్వరం దీవి నుంచి దాన్ని వర్ణించాడు. అక్కడి హనుమవిలాసం గుడి పేరు మీద పేరు పెట్టాడు. గుడి పక్క చింత చెట్ల తొర్రల్లో అది ఉంది. ఆ దీవిలో తప్ప లేదనుకున్నారు. 2015లో ఎదురుగా శ్రీలంక వైపు మన్నారులో కూడా కనిపించింది. రామసేతువు రెండు చివరలా ఒకే సాలీడు.

ఇంకా వెనక్కి వెళ్తే మన నేలే ఒక దీవి. గోండ్వానా ముక్కలై విడిపోయినప్పుడు భారత ఫలకం సముద్రంలో ఒంటరిగా ఈదుకుంటూ ఆసియాకు గుద్దుకుంది. 2021లో టరాంటులాల డిఎన్ఏను పరిశీలించిన అధ్యయనం ప్రకారం, ఆ ప్రయాణంలో కొన్ని టరాంటులా వంశాలు మన నేలతో పాటు వచ్చాయి. ఇక్కడి నుంచి రెండు సార్లు, సుమారు 2 కోట్ల ఏళ్ళ తేడాతో, ఆసియా వైపు వెళ్ళాయి. మనం దీవి జీవుల్ని దూరపు సంగతి అనుకుంటాము గానీ, మన పొలాల కింద ఉన్న రాయే ఒకప్పుడు దీవి.

ఇప్పటికీ ఒక విధంగా అదే జరుగుతోంది. పులివెందుల నుంచి జమ్మలమడుగు మీదుగా నంద్యాల దాకా చీనీ తోటలు, శనగ చేలు, నల్లరేగడి. మధ్యలో ఎర్రమల కొండలు, తూర్పున నల్లమల. తొర్రలో ఉండే సాలీడుకు నల్లమల ఒక దీవి. మనం దున్నిన నేల దానికి నీళ్ళు. అది ఈదలేదు.

పేర్లు ఎందుకు మారుతూ ఉంటాయి?

ముందు పెట్టిన పేరుకే హక్కు అన్నది నియమం. శ్రీలంక నుంచి 2001లో కిర్క్ అనే ఆయన పెడర్సెనీ అనే జాతిని వర్ణించాడు. తర్వాత తేలిందేమంటే, అది 1895లో పొకాక్ పేరు పెట్టిన విట్టాటానే. పాత పేరు నిలిచింది, కొత్త పేరు పర్యాయ నామం అయింది. ఇలాంటి సవరణ శాస్త్రానికి తలవంపు కాదు. మన నల్లమల నుంచి కూడా 2006లో కె. తులసీరావు, సహ రచయితలు పోసిలోథీరియా నల్లమలైఎన్సిస్ అనే పేరుతో ఒకదాన్ని వర్ణించారు. అదే వ్యాసంలో శ్రీశైలం పేరు మీద ట్మారస్ శ్రీశైలమెన్సిస్ అనే మరో సాలీడు కూడా ఉంది. వర్ణించినంత మాత్రాన ఏ పేరూ స్థిరపడదు. తర్వాతి వాళ్ళు మూల నమూనాలతో పోల్చి చూడాలి. ప్రపంచ సాలీళ్ళ జాబితాలో జాతుల సంఖ్య 2022లో 50,000 దాటింది. అందులో ప్రతి పేరునూ ఎవరో ఒకరు కాచుకుని కూర్చోవాలి.

నీలం ఎక్కడి నుంచి వచ్చింది?

మెటాలికా ఒంట్లో నీలి రంగు పదార్థం ఏదీ లేదు. వెంట్రుకల పైపొరల్లో అతి సూక్ష్మమైన కట్టుబడి ఉంది. వెలుగు పడితే నీలం మాత్రమే తిరిగి వస్తుంది. 2015లో ఒక పరిశోధన టరాంటులాలలో ఈ నీలం కనీసం ఎనిమిది సార్లు వేర్వేరుగా పుట్టిందని చెప్పింది. అందుకే రంగు చూసి చుట్టరికం కట్టకూడదు. నీలంగా ఉన్నవన్నీ ఒక ఇంటివి కావు.

కరిస్తే?

పులివెందుల రైతన్నా, మీ ప్రశ్న ఆఖరుకు ఉంచాను, దానికి జవాబు చిన్నది కాబట్టి. పోసిలోథీరియా కాటుకు మనుషులు చనిపోయినట్టు నమోదు కాలేదు. అయితే తేలిక కాటు కాదు. కాటు పడిన చోట నొప్పి, వాపు. కొన్ని గంటల తర్వాత కండరాలు గట్టిగా పట్టేయడం, అది కొన్ని రోజులు సాగడం వైద్య పత్రికల్లో రాసి ఉంది. కరిస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలి, గాయం కోయడం, నోటితో పీల్చడం వద్దు. ఇంతకీ అది మనుషుల కోసం వెతకదు. మీ తోటలో చీనీ చెట్టు మీద అది ఉండే అవకాశం లేనే లేదు. దాని ఊరు వేరే.

ఆ ఊరు చాలా చిన్నది. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం మెటాలికాను అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది. తెలిసిన ఆవాసం ఒకే చోట, 100 చదరపు కిలోమీటర్ల లోపు అని చెప్పింది. తొర్ర ఉన్న పాత చెట్టు కట్టెలకు పోతోంది. రెండో ప్రమాదం పెంపుడు జంతువుల అంగడి. రంగు చూసి ముచ్చటపడి దూర దేశాల్లో పెట్టెల్లో పెంచుకునేవాళ్ళు ఉన్నారు. 2019లో పోసిలోథీరియా ప్రజాతి మొత్తాన్నీ అంతర్జాతీయ వన్యజీవి వ్యాపార ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు. ప్రతిపాదించింది శ్రీలంక, అమెరికా. ప్రజాతి మొత్తాన్నీ చేర్చడానికి కారణం తెలిసింది కదా. కాళ్ళ అడుగు పట్టీలు చదవగలిగే మనిషి ప్రతి విమానాశ్రయంలోనూ ఉండడు. జాతి గుర్తుపట్టలేకపోయినా ఇంటిపేరు గుర్తుపడితే చాలు.

శ్రీకాళహస్తి పేరులో మొదటి మాట శ్రీ. అది సాలీడుదే. మనకు ఆ జీవి పరాయిది కాదు.

నల్లమల వైపు ప్రయాణించే వారికి ఒక విన్నపం. ఎప్పుడైనా పెద్ద సాలీడు కనిపిస్తే చంపకండి, పట్టుకోకండి, తొర్రలో కర్ర పెట్టి కదపకండి. దూరం నుంచి ఫోటో తీసి, ఊరు, గుట్ట, చెట్టు, తేదీ మీ పుస్తకంలో రాసుకుని అటవీ శాఖ సిబ్బందికి చెప్పండి. ఆ చోటు పేరు మాత్రం ఫోనులో పదిమందికీ పంచవద్దు. దాన్ని పెట్టెలో వేసి అమ్మేవాళ్ళు కూడా ఆ చోటు కోసమే వెతుకుతున్నారు.